వంగ, నువ్వుల్లో వెర్రి తెగులు: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం నుంచి రైతు నేర్చుకోవాల్సినవి

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో కూరగాయలు, నువ్వులు సాగు చేసే రైతులకు వెర్రి తెగులు కొత్త కాదు. వంగ మొక్క ఆకులు చిన్నవై, కొమ్మలు గుబురుగా పెరిగి, కాయ పట్టకుండా చీపురులా నిలబడుతుంది. నువ్వు మొక్క చివర పూత అంతా పచ్చటి ఆకుల గుత్తిగా మారిపోయి, గింజ ఉండదు. ఇలాంటి మొక్కలు కనిపించగానే చాలామంది మందుల దుకాణానికి వెళ్లి యాంటిబయోటిక్ పొడి అడుగుతున్నారు. ఆ పొడి ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చింది, ఈ తెగులు మీద ఎంతవరకు పనిచేస్తుంది అన్నది తెలిస్తే మీ డబ్బు మిగులుతుంది, మీ ఇంటిల్లిపాది ఆరోగ్యానికీ మేలు జరుగుతుంది.

ఆ పొడిలో ఉండే టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది వెలుగు చూసింది ఒక తెలుగువాడు నడిపిన పరిశోధనాలయంలో. ఆయన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త కాదు, మనుషుల వైద్యుడు, జీవరసాయన శాస్త్రవేత్త. అయినా ఆయన పనికి, మీ వంగ మడికి సంబంధం ఉంది. ముందు ఆయన జీవితం, ఆ తర్వాత తెగులు యాజమాన్యం చూద్దాం.

భీమవరం నుంచి బోస్టన్ వరకు

సుబ్బారావు 1895 జనవరి 12న ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. చిన్నతనంలో చదువు మీద మనసు నిలవలేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచి బయలుదేరితే తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపారు. మెట్రిక్యులేషన్ మొదటిసారి తప్పారు, రెండోసారీ తప్పారు. మద్రాసు హిందూ హైస్కూలులో చేరాక మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మీ పిల్లలు ఒకసారి పరీక్ష తప్పారని చదువు మాన్పించే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

ప్రెసిడెన్సీ కాలేజీ చదువు అయ్యాక సన్యాసం తీసుకుని రామకృష్ణ మిషన్‌లో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే జనానికి సేవ చేయవచ్చన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువు ఖర్చుకు స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సాయం చేశారు. తర్వాత ఆయన కుమార్తె శేషగిరితోనే సుబ్బారావు పెళ్లి జరిగింది. అది గాంధీజీ విదేశీ వస్త్ర బహిష్కరణకు పిలుపునిచ్చిన కాలం. సుబ్బారావు ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్లారు. సర్జరీ ఆచార్యుడైన ఆంగ్లేయుడికి అది నచ్చలేదు. చదువులో మంచి ప్రతిభ చూపినా చివరికి ఎంబీబీఎస్ పట్టా బదులు దానికంటే తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్య ఉద్యోగం దొరకక మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకుడిగా చేరారు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు సోదరులు చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గి మనిషి కృశించిపోయే జబ్బు అది. అప్పటికి దానికి మందు లేదు. డాక్టరై ఉండి కూడా సొంత అన్నదమ్ములను కాపాడుకోలేకపోయారు. మందులు ఎలా పుడతాయో నేర్చుకోవాలన్న పట్టుదలతో అమెరికా వెళ్లాలని నిశ్చయించుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇస్తానన్న సాయం, మామగారు సమకూర్చిన సొమ్ముతో ప్రయాణమయ్యారు. బోస్టన్ నగరంలో అడుగుపెట్టారు. కొద్ది సంవత్సరాల్లో తిరిగి వస్తానని భార్యకు చెప్పి వెళ్లిన మనిషి మళ్లీ ఇండియాకు రాలేదు. వారికి పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు.

బోస్టన్‌లో చేతి సర్టిఫికెట్‌కు విలువ లేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు. పగలు హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సు చదివారు. అది పూర్తయ్యాక అక్కడే జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు.

భాస్వరం కొలిచిన తెలుగువాడు

రైతుగా మీకు ఇక్కడి నుంచి కథ దగ్గరవుతుంది. ఫిస్కే, సుబ్బారావు కలిసి 1925లో రక్తంలో, కణజాలాల్లో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ప్రకటించారు. ద్రావణంలో భాస్వరం మాలిబ్డినంతో కలిసి నీలం రంగునిస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. మన భూసార పరీక్షా కేంద్రాల్లో మట్టిలో లభ్య భాస్వరాన్ని అంచనా కట్టేదీ ఈ నీలం రంగు సూత్రం మీదే. మట్టి నమూనా ఇచ్చి కార్డు తీసుకున్నప్పుడు అందులో భాస్వరం అంకె వెనుక ఉన్న రసాయన శాస్త్రం ఇది.

ఆ పద్ధతి చేతికి రాగానే వారు కండరాల్లో భాస్వరం ఏ రూపంలో ఉంటుందో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని గుర్తించారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. ప్రాణమున్న ప్రతి కణం, అది ఎద్దు కండరమైనా వరి వేరైనా, పనిచేయడానికి వాడుకునే శక్తి నాణెం ఏటీపీ. అందులో భాస్వరం ఉంటుంది. మొక్కకు భాస్వరం అందకపోతే వేరు ఎందుకు సాగదో, ఎదుగుదల ఎందుకు కుంటుపడుతుందో అర్థం కావడానికి ఇది ఒక కారణం.

1930లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ వచ్చింది. అంత పని చేసినా అక్కడ స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. పదేళ్లు చూసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ లాబొరేటరీస్ అనే మందుల సంస్థలో చేరారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధన మొత్తానికి డైరెక్టర్ అయ్యారు. తర్వాతి ఎనిమిదేళ్లలో జరిగింది ఒక మనిషి జీవితంలో సాధారణంగా జరిగేది కాదు.

ఎనిమిదేళ్లలో నాలుగు మందులు

మొదటిది ఫోలిక్ ఆమ్లం. పాలకూర ఆకుల్లో దొరికిన ఈ విటమిన్‌కు ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట మీదనే పేరు పెట్టారు. సుబ్బారావు బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తన సోదరులను తీసుకుపోయిన స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అదే మందయింది. ఈ రోజు మన పల్లెల్లో గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఇచ్చే ఇనుము మాత్రల్లో కలిసి ఉండేది ఇదే ఫోలిక్ ఆమ్లం.

రెండోది, ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే మందులు. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి 1948లో మంచి ఫలితం చూపారు. అదే కోవలోని మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి నేటికీ వాడుతున్నారు.

మూడోది హెట్రజాన్. డీఈసీ మాత్ర అంటే మీకు వెంటనే తెలుస్తుంది. బోదకాలు రాకుండా ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి మింగించే మాత్ర అది. బోదకాలు దోమ మోసుకొచ్చే జబ్బు. మాత్ర మింగితే సరిపోదని, దోమ పుట్టే నీటి గుంటలు కూడా పూడ్చాలని ఆరోగ్య సిబ్బంది చెబుతారు. పురుగు మోసే ఏ జబ్బుకైనా ఇదే లెక్క. మొక్కల విషయంలోనూ ఇది వర్తిస్తుంది.

నాలుగోది ఆరియోమైసిన్. మన వ్యాసానికి ముఖ్యమైనది ఇదే.

పొలం మట్టిలో దొరికిన బంగారు మందు

లెడర్లీలో యాంటిబయోటిక్‌ల వేట మొదలుపెట్టినప్పుడు ఆ పనికి తీసుకున్న వ్యక్తి బెంజమిన్ డగ్గర్. ఈయన 1872లో పుట్టిన వృక్ష శాస్త్రవేత్త. మొక్కల శిలీంధ్ర తెగుళ్ల మీద 1909లోనే పెద్ద పుస్తకం రాశారు. పొగాకు మొజాయిక్ వైరస్ మీద ఏళ్ల తరబడి పనిచేశారు. విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేశాక, డెబ్బై ఏళ్లు దాటిన వయసులో లెడర్లీలో కొత్త ఉద్యోగంలో చేరారు. అంటే ఈ మందు వెనుక ఉన్న రెండో మనిషి జీవితమంతా పంట తెగుళ్లతో గడిపినవాడే.

మట్టిలో ఉండే సూక్ష్మజీవులు ఒకదానితో ఒకటి పోటీపడి, తోటివాటిని చంపే పదార్థాలను వదులుతాయి. అలాంటివి దొరుకుతాయేమోనని ఎక్కడెక్కడి నుంచో మట్టి నమూనాలు తెప్పించి పరీక్షించారు. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి శాన్‌బార్న్ క్షేత్రం నుంచి వచ్చిన మట్టిలో పసిడి రంగు వర్ణకం ఉన్న ఒక సూక్ష్మజీవి కనిపించింది. శాన్‌బార్న్ 1888 నుంచి నడుస్తున్న వ్యవసాయ ప్రయోగ క్షేత్రం. అక్కడ ఒకే మడిలో ఒకే పంట వేస్తూ భూసారం ఎలా మారుతుందో దశాబ్దాలుగా చూస్తున్నారు. గడ్డి పెంచిన 23వ నంబరు మడి నుంచి తీసిన మట్టి అది. సూక్ష్మజీవికి స్ట్రెప్టోమైసెస్ ఆరియోఫేసియెన్స్ అని, దాని నుంచి తీసిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. రెండు పేర్లలోనూ బంగారం అన్న అర్థం ఉంది. రసాయనంగా దాని పేరు క్లోర్‌టెట్రాసైక్లిన్. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే పెద్దన్న.

పెన్సిలిన్ లొంగదీయలేని చాలా జబ్బులను ఇది లొంగదీసింది. 1948 జులైలో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తల సభలో ఈ మందు వివరాలు ప్రకటించారు. ఆ తర్వాత కొద్ది వారాలకే, ఆగస్టులో, సుబ్బారావు గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. పేటెంట్ల మీద, పత్రికల్లో ఆయన పేరు పెద్దగా లేదు. ఎక్కువ పని ఆయనది, ఎక్కువ పేరు ఇతరులది. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. ఆయన పోయాక 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు. 1995లో భారత తపాలా శాఖ ఆయన శతజయంతికి స్టాంపు విడుదల చేసింది.

వెర్రి తెగులు గుట్టు విప్పింది ఇదే మందు

బ్యాక్టీరియా వల్ల మొక్కలకు తెగుళ్లు వస్తాయని, వాటిని పురుగులు మోస్తాయని తెలియడం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలైంది. అమెరికాలో పియర్, ఆపిల్ చెట్లను మాడ్చేసే ఫైర్ బ్లైట్ తెగులుకు బ్యాక్టీరియా కారణమని బరిల్ అనే శాస్త్రవేత్త తేల్చారు. ఆ బ్యాక్టీరియాను తేనెటీగలు పువ్వు నుంచి పువ్వుకు మోస్తాయని 1891లో వైట్ అనే మరో శాస్త్రవేత్త చూపారు. కానీ వెర్రి తెగులు లాంటివి మాత్రం చాలాకాలం చిక్కు ప్రశ్నగానే ఉన్నాయి.

మన దేశంలో వంగ వెర్రి తెగులును 1939లో కోయంబత్తూరు శాస్త్రవేత్తలు థామస్, కృష్ణస్వామి నివేదించారు. ఒక మొక్క నుంచి మరో మొక్కకు అంటుతుందని తెలిసింది. సూక్ష్మదర్శినిలో బ్యాక్టీరియా కనబడలేదు. అందుకని వైరస్ అనుకున్నారు. ప్రపంచమంతటా ఇలాంటి తెగుళ్లన్నిటినీ వైరస్ లెక్కలోనే వేశారు.

1967లో జపాన్ శాస్త్రవేత్తలు గుజ్జుతనం వచ్చిన మల్బరీ మొక్కలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూశారు. మొక్కలో చక్కెర ప్రవహించే పోషక నాళాల్లో గోడ లేని చిన్న చిన్న జీవులు కనిపించాయి. అవి వైరస్‌లలా లేవు, బ్యాక్టీరియాకు దగ్గరగా ఉన్నాయి. అది రుజువు చేయడానికి మందులతో పరీక్షించారు. టెట్రాసైక్లిన్ జాతి మందు ఇస్తే మల్బరీ మామూలు ఆకులు వేసింది. యాంటిబయోటిక్‌కు వైరస్ లొంగదు కాబట్టి అసలు కారణం బ్యాక్టీరియా జాతి జీవే అన్న వాదన బలపడింది. సుబ్బారావు ప్రయోగశాలలో మొదలైన మందుల కుటుంబం, ఆయన పోయిన 19 ఏళ్లకు, ఒక పంట తెగులు గుట్టు విప్పడానికి పనికొచ్చింది. ఈ జీవులకు తర్వాత 1994లో ఫైటోప్లాస్మా అని పేరు స్థిరపడింది.

ఇందులో మీరు గుర్తుంచుకోవాల్సిన రెండు విషయాలున్నాయి. పెన్సిలిన్ బ్యాక్టీరియా గోడ కట్టుకోకుండా చేసి చంపుతుంది. ఫైటోప్లాస్మాకు గోడే లేదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు. టెట్రాసైక్లిన్ బ్యాక్టీరియా లోపల మాంసకృత్తులు తయారు కాకుండా ఆపుతుంది, అందుకే పనిచేస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. అది తెగులును అణచిపెడుతుందే తప్ప మొక్కను పూర్తిగా బాగుచేయదు. మందు ఆపితే మళ్లీ లక్షణాలు వస్తాయి. నాలుగైదు నెలల వంగకు, మూడు నెలల నువ్వుకు ఇది గిట్టుబాటయ్యే వైద్యం కాదు.

పురుగు ఈ తెగులును ఎలా మోస్తుంది?

వెర్రి తెగులును మోసేది దీపపు పురుగుల జాతి. పచ్చదోమ కూడా ఈ కుటుంబంలోదే. వంగలో హిషిమోనస్ ఫైసిటిస్, నువ్వుల్లో ఒరోసియస్ ఆల్బిసింక్టస్ అనే పురుగులు ముఖ్యమైనవి. తెగులు మొక్క రసం పీల్చినప్పుడు ఫైటోప్లాస్మా పురుగు కడుపులోకి చేరుతుంది. అక్కడ పెరిగి, సుమారు రెండు నుంచి నాలుగు వారాల్లో లాలాజల గ్రంథుల్లోకి వస్తుంది. అప్పటి నుంచి ఆ పురుగు బతికినంత కాలం తాను పీల్చిన ప్రతి మొక్కకూ తెగులు అంటిస్తుంది. మొక్కకు అంటుకున్నాక లక్షణాలు కనబడటానికి మరికొన్ని వారాలు పడుతుంది.

అంటే మీకు చేనులో వెర్రి మొక్క కనిపించే సమయానికి, దాన్ని అంటించిన పురుగు వచ్చిపోయి చాలా రోజులైంది. అందుకే లక్షణాలు చూశాక మందు కోసం పరుగెత్తడం కంటే, మొదటి 30 - 40 రోజులు పురుగును రానివ్వకపోవడం, వచ్చిన మొదటి తెగులు మొక్కను తీసేయడం ఎక్కువ ఫలితమిస్తాయి. విత్తనం ద్వారా ఈ తెగులు రాదు.

వంగలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

• నారుమడిపై సన్నని కన్నుల నైలాన్ వల కప్పండి. నారు దశలో పురుగు తగలకుండా చూడటం అన్నిటికంటే చవకైన పని.
• పాత వంగ తోట పక్కనే కొత్త వంగ నాటకండి. కాపు అయిపోయిన తోటను కార్శి కోసం వదలకుండా వెంటనే దున్నేయండి.
• గట్ల మీద ఉమ్మెత్త, బిళ్ళగన్నేరు లాంటి మొక్కలుంటే తీసేయండి. వీటిలో ఈ తెగులు దాగి ఉంటుంది.
• వారానికి ఒకసారి చేను తిరగండి. చిన్నాకులు, గుబురు కొమ్మలు, పచ్చబడ్డ పూలు కనిపించిన మొక్కలను గుర్తు పెట్టుకోండి. ముందు చేనంతా పురుగు మందు కొట్టి, మర్నాడు ఆ మొక్కలను వేళ్లతో పీకి తగలబెట్టండి. మందు కొట్టకుండా పీకితే వాటి మీదున్న పురుగులు ఎగిరి పక్క మొక్కల మీద వాలతాయి.
• తెగులు మొక్కకు కొమ్మలు కత్తిరించి వదిలితే లాభం లేదు. కొత్త చిగురూ వెర్రిగానే వస్తుంది.
• పురుగు తక్కువగా ఉన్నప్పుడు 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. కలిపి పిచికారి చేయండి. ఉధృతి ఎక్కువైతే థయామిథాక్సామ్ 25 డబ్ల్యూజీ లీటరు నీటికి 0.2 గ్రా. కలిపి పిచికారి చేయండి. డబ్బా మీద రాసిన గడువు దాటాకే కాయలు కోయండి.
• పసుపు రంగు జిగురు అట్టలు పెడితే పురుగు రాక ముందుగా తెలుస్తుంది.

నువ్వుల్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

• ఊళ్లో అందరూ దగ్గర దగ్గరగా, సిఫారసు చేసిన సమయంలోనే విత్తుకోండి. ఆలస్యంగా వేసిన ఒక్క చేను మీదికి చుట్టుపక్కల పురుగంతా చేరుతుంది.
• పూత మొదలయ్యే ముందు నుంచి చేను పరిశీలించండి. పూత స్థానంలో పచ్చటి ఆకుల గుత్తులు వచ్చిన మొక్కలను పైన చెప్పిన విధంగానే పీకి కాల్చండి.
• దీపపు పురుగులు కనిపిస్తే డైమిథోయేట్ 30 ఈసీ లీటరు నీటికి 2 మి.లీ. కలిపి పిచికారి చేయండి. పూత దశలో తేనెటీగలు తిరిగే ఉదయం పూట కాకుండా సాయంత్రం కొట్టండి.
• వెర్రి మొక్కలను పశువుల మేతకని చేలో వదలకండి. అవి నిలబడినంత కాలం తెగులుకు గిడ్డంగిలా ఉంటాయి.

బత్తాయి, నిమ్మ తోటలున్న రైతులు

పురుగు మోసే బ్యాక్టీరియా తెగుళ్లలో చీనీ జాతి తోటలకు గ్రీనింగ్ పెద్ద ప్రమాదం. దీని బ్యాక్టీరియాకు గోడ ఉంటుంది, కానీ ఇదీ పోషక నాళాల్లోనే ఉంటుంది. సిల్లా అనే చిన్న పురుగు లేత చిగుళ్ల మీద రసం పీలుస్తూ దీన్ని మోస్తుంది. ఆకుపై ఈనెకు అటూ ఇటూ ఒకేలా లేని పసుపు మచ్చలు, చిన్నవై ఒంకర పోయిన కాయలు దీని గుర్తులు. అంటు ద్వారా కూడా వస్తుంది కాబట్టి మొక్కలను నమ్మకమైన, ధ్రువీకరించిన నర్సరీల్లోనే కొనండి. కొత్త చిగురు వేసే ప్రతిసారీ సిల్లా పురుగును గమనించి అదుపు చేయండి.

ఏది బ్యాక్టీరియా, ఏది కాదు?

మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల మిరప రైతులు ఆకుముడతకు కూడా యాంటిబయోటిక్ పొడి కలిపి కొడుతున్నారు. మిరపలో ముడత తామర పురుగు, నల్లి, లేదా తెల్లదోమ మోసే వైరస్ వల్ల వస్తుంది. వీటిలో దేనికీ యాంటిబయోటిక్ పనిచేయదు. ఆ డబ్బు నేలపాలే. వరిలో బ్యాక్టీరియా ఎండాకు తెగులు వానకు, గాలికి, నీటి పారకానికి వ్యాపిస్తుంది, పురుగు వల్ల కాదు. అక్కడ యూరియా తగ్గించి దఫాలుగా వేయడం, పొటాష్ అందించడం, తెగులున్న మడి నీరు పక్క మడికి పారకుండా చూడటం ముఖ్యం. తెగులు ఏదో తేలకుండా మందు కొనవద్దు.

మందు చేతిలో ఉన్నా వాడకూడనిది ఎందుకు?

పంటల్లో యాంటిబయోటిక్ తరచుగా కొడితే వాటిని తట్టుకునే బ్యాక్టీరియా పుడుతుంది. అది మీ చేనులోనే ఆగిపోదు. వానాకాలంలో గడ్డి, పొదల్లో తిరిగేటప్పుడు చిన్న నల్లి కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం ముందుగా పట్టేది రైతులను, కూలీలను, మేకల కాపరులనే. దానికి వైద్యులు ఇచ్చే డాక్సీసైక్లిన్ ఈ టెట్రాసైక్లిన్ కుటుంబంలోదే. ఆ మందు మీ ఇంట్లోవాళ్లకు రేపు పనిచేయాలంటే ఈ రోజు దాన్ని వంగ మడిలో పారబోయకూడదు.

ఈ కారణాలతోనే కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ మందులను పంటల్లో నిషేధించేందుకు ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది. కాబట్టి దుకాణంలో ఎవరైనా ఈ పొడి చేతికిస్తే తీసుకోకండి. మీ మండల వ్యవసాయ అధికారిని, ఏఈవోను అడిగి నిర్ణయం తీసుకోండి.

సుబ్బారావు ఇద్దరు సోదరులు మందు లేక చనిపోయారు. ఆ తర్వాత ఆయన, ఆయన బృందం ఏళ్ల తరబడి శ్రమించి మందులు సృష్టించారు. ఉన్న మందు పనిచేయకుండా పోయే పరిస్థితి మన చేతులతో మనం తెచ్చుకోకపోవడమే ఆయనకు మనం చేయగల మర్యాద.

ముఖ్యాంశాలు

• వెర్రి తెగులుకు కారణం ఫైటోప్లాస్మా అనే గోడ లేని బ్యాక్టీరియా. మోసేది దీపపు పురుగులు.
• నారుమడికి వల, మొదటి 40 రోజులు పురుగు అదుపు, తెగులు మొక్కలను మందు కొట్టిన మర్నాడే పీకడం, ఈ మూడూ కలిసి చేస్తేనే ఫలితం.
• యాంటిబయోటిక్‌తో మొక్క పూర్తిగా బాగుపడదు. వైరస్ తెగుళ్లకు అసలే పనిచేయదు.
• అనుమానం ఉన్న మొక్కను పాలిథిన్ సంచిలో వేసుకుని వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి గానీ, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ, దగ్గర్లోని ఏరువాక కేంద్రానికి గానీ తీసుకెళ్లి చూపించండి. పీకిన రోజే తీసుకెళితే శాస్త్రవేత్తలు తెగులును సులువుగా గుర్తుపడతారు.